ఒంటి మీద ఊరి పేరు: మాయా ఆడవాళ్ళ వీపీల్

[దృశ్యం: మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశపు కొండల్లో ఒక ఇంటి వాకిలి. మగ్గం ఒక కొస స్తంభానికి, రెండో కొస నేసే అమ్మాయి నడుముకి.]

ఈ మగ్గానికి చట్రం లేదు. ఆమె వెనక్కి వాలితే పడుగు, అంటే నిలువు పోగులు, బిగుస్తుంది, ముందుకి వంగితే వదులవుతుంది. ఇక్కడి ఆదివాసులైన మాయా ప్రజల ఆడవాళ్ళు తొడుక్కునే 'వీపీల్' అనే పైవస్త్రాన్ని ఇలాగే నేస్తారు.

[దగ్గరగా: వేళ్ళు]

చూడండి, పడుగులో నాలుగైదు పోగులు వేలితో ఎత్తింది. రంగు నూలు అంతవరకే దూర్చింది. మామూలు పేక (అడ్డపోగు) ఒకటి వేసి, చెక్కబద్దతో గట్టిగా కొట్టింది. ఒక్క వరసకి ఇంత పని! చాలామంది దీన్ని ఎంబ్రాయిడరీ అనుకుంటారు గానీ, గుడ్డ నేస్తుండగానే బొమ్మా పడుతుంది. నిండుగా పని ఉన్న వీపీల్‌కి నెలలు పడుతుంది.

[దృశ్యం: సంత]

ఏ ఊరి నేత ఆ ఊరిదే. చీచీకాస్తెనాంగోలో మెడ చుట్టూ సూర్యకిరణాలు. కోబాన్ వైపు తెలుపు మీద తెలుపు, గాలి ఆడే పల్చటి నేత. శాంటియాగో అటిట్లాన్‌లో తలకి పొడవాటి పట్టీని చుట్లుచుట్లుగా చుడతారు. ఆ దేశపు 25 సెంటావోల నాణెం మీద స్త్రీ తలకి ఉన్నది అదే.

కింద చుట్టుకునే గుడ్డ మాత్రం స్పానిష్‌వాళ్ళు తెచ్చిన తొక్కుడు మగ్గం మీద, ఎక్కువగా మగవాళ్ళు నేస్తారు. నూలుకి ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేసే పద్ధతి. పోచంపల్లివాళ్ళు చూస్తే ఇట్టే గుర్తుపడతారు.

[దృశ్యం: పాత మాయా నగరం యష్చిలాన్‌లోని రాతి పలక]

8వ శతాబ్దపు ఈ శిల్పంలో రాణి వీపీల్ మీద నేత బొమ్మలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. అన్ని వందల ఏళ్ళ గుర్తింపే గ్వాటెమాలాలో 1960 నుంచి 1996 దాకా సాగిన అంతర్యుద్ధంలో ప్రాణాల మీదకి తెచ్చింది. 2 లక్షల మందికి పైగా చనిపోయారు, లేదా ఆచూకీ లేకుండా పోయారు. వాళ్ళలో అత్యధికులు మాయాలే. బట్టని బట్టి ఊరు తెలిసిపోతుందని, పారిపోయిన ఎందరో ఆడవాళ్ళు వీపీల్ విప్పి దాచేశారు. 1992లో మాయా హక్కుల కోసం పోరాడిన రిగోబెర్తా మెంచు అదే వీపీల్‌తో నోబెల్ శాంతి బహుమతి అందుకోవడం అందుకే అంత పెద్ద విషయం.

ఇప్పటి గొడవ వేరు. కంపెనీలు ఈ బొమ్మలు తీసుకుని అచ్చేసి అమ్ముకుంటున్నాయి. కాపీరైటు చట్టం యజమాని ఎవరని అడుగుతుంది. ఊరంతటిదీ అయిన బొమ్మకి ఎవరి పేరు చెప్పాలి? నేతగత్తెలు 2016లో రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్ళారు. మరుసటి ఏడు కోర్టు, ఈ హక్కులకి చట్టం చేయమని అక్కడి కాంగ్రెస్‌కి, అంటే చట్టసభకి, సూచించింది. వాళ్ళడిగింది ముమ్మాటికీ న్యాయం. ఆ బొమ్మతో డబ్బు చేసుకోవాలనుకునేవాళ్ళు ముందు ఆ ఊరి ఆడవాళ్ళని అడగాలి, వాటా ఇవ్వాలి.