ఆరు మ్యాచ్‌లకు 38 కోట్ల డాలర్లు

శ్రోతలకు నమస్కారం.

2026 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో మొత్తం 104 మ్యాచ్‌లు. అమెరికా, కెనడా, మెక్సికోలలో కలిపి 16 నగరాలు వాటిని పంచుకున్నాయి. కెనడాలోని టొరంటో వాటాకు వచ్చినవి ఆరు. ఆ ఆరింటికి నగరం వేసిన అంచనా 38 కోట్ల కెనడా డాలర్లు. మన డబ్బులో రెండు వేల కోట్ల రూపాయల పైమాటే. ఒక్కో మ్యాచ్‌కి ఆరు కోట్ల డాలర్లు దాటుతుంది. ఆట తొంభై నిమిషాలు కదా, నిమిషానికి ఎంత పడుతుందో మీరే లెక్కేసుకోండి.

మొదట చెప్పిన లెక్క ఇది కాదు. 2018లో ఆతిథ్యం కోసం పోటీపడుతున్న రోజుల్లో నగర అధికారుల నోట వచ్చిన అంకె మూడు నుంచి నాలుగున్నర కోట్లు. 2022కి అది 29 కోట్లయింది. 2024 మొదట్లో 38కి చేరింది. మధ్యలో ధరలు పెరిగాయి, ఒక మ్యాచ్ అదనంగా వచ్చింది, భద్రత ఖర్చు పెరిగింది. కారణాలన్నీ నిజమైనవే. కానీ పోటీలో ఉన్నప్పుడు అంకె చిన్నగా ఉండటం, ఒప్పందం అయ్యాక పెద్దదవటం టొరంటోకే పరిమితమైన విషయం కాదు.

డబ్బు ఎటు పోతుందో చూద్దాం. నగరం సొంత స్టేడియంలో సీట్లు 28 వేల చిల్లర. ఈ టోర్నమెంటు నడిపే అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫాకు అది చాలదు. అందుకని ఇంకో 17 వేలకు పైగా తాత్కాలిక సీట్లు. ఆ స్టేడియానికి ఒక బ్యాంకు పేరుంది. ఆ బ్యాంకు ఫిఫా స్పాన్సర్ కాదు కాబట్టి, ప్రపంచ కప్‌కి ఆ పేరు పనికిరాదు, ఉత్త ‘టొరంటో స్టేడియం’ అనాలి. పేరు దగ్గరే ఇంత పట్టింపు ఉంటే మిగతా షరతులు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. పోలీసులు, ట్రాఫిక్, ప్రాక్టీసు మైదానాలు, అభిమానుల కోసం ఉత్సవం, ఇవన్నీ నగరం చూసుకోవాలి. టీవీ హక్కుల డబ్బు, టికెట్ల డబ్బు ఫిఫాకు వెళ్తాయి. పెళ్లి వాళ్లది, పందిరి ఖర్చు మనది అన్నమాట.

మరి నగరం దగ్గర అంత డబ్బుందా? లేదు. అందుకే పైప్రభుత్వాలను అడిగింది. కెనడా కేంద్ర ప్రభుత్వం 10 కోట్ల 43 లక్షల డాలర్లు ఇస్తానంది. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం 9 కోట్ల 70 లక్షల వరకూ ఒప్పుకుంది. ఇంకా పద్దెనిమిది కోట్ల దాకా నగరం నెత్తిన ఉంది. అందులో కొంత రాబట్టడానికి హోటల్ గదుల మీద పన్నును 6 శాతం నుంచి 8.5 శాతానికి పెంచారు, 2025 జూన్ నుంచి 2026 జూలై చివరి వరకు. బయటి నుంచి వచ్చి హోటల్లో దిగేవాళ్లే కట్టాలి, ఊళ్లో వాళ్ల మీద పడదు, మంచి ఉపాయమే. మనవాళ్లు ఎలాగూ పక్క ఊళ్లయిన బ్రాంప్టన్‌లోనో మిస్సిసాగాలోనో చుట్టాలింట్లో దిగుతారు కాబట్టి తప్పించుకుంటారనుకోండి.

ఎక్కడో పల్లెలో గోధుమలు పండించే రైతు కట్టిన పన్ను టొరంటోలో ఆటకు ఎందుకు పోవాలని ఎవరైనా అడగొచ్చు. అడగవలసిన ప్రశ్నే. దీనికి జవాబు నినాదాల్లో లేదు, హోటల్ బిల్లులో ఉంది. టొరంటోలో వంద డాలర్ల భోజనం చేస్తే పైన 13 డాలర్ల పన్ను పడుతుంది. అందులో 5 కేంద్రానికి, 8 రాష్ట్రానికి. నగరానికి సున్నా. నగరం ప్రధానంగా బతికేది ఆస్తి పన్ను మీద. లక్షమంది వచ్చి తిని, తాగి, షాపింగ్ చేసినా ఆస్తి పన్ను ఒక్క డాలర్ పెరగదు. చెత్త ఎత్తడం మాత్రం పెరుగుతుంది. టోర్నమెంటు వల్ల టొరంటో ప్రాంతంలో 94 కోట్ల డాలర్ల దాకా ఆర్థిక కార్యకలాపం జరుగుతుందని ఒక అంచనా ప్రచారంలో ఉంది. నిజమే అనుకున్నా, అది వ్యాపారుల గల్లాపెట్టెలో తిరిగే డబ్బు, నగర ఖజానాకు వచ్చేది కాదు. దాని మీద పన్ను ఎవరికి వస్తుందో వాళ్లు ఖర్చులో వాటా పెట్టడం దానం కాదని నా అభిప్రాయం. సగం కూడా పెట్టకపోతే కాస్త పిసినారితనమే.

ఇష్టం లేనివాళ్లు తప్పుకున్నారు కూడా. షికాగో 2018లోనే వద్దంది. మాంట్రియల్ 2021లో విరమించుకుంది, అది ఉన్న క్యూబెక్ రాష్ట్ర ప్రభుత్వం డబ్బు ఇవ్వనన్నందుకు. మాంట్రియల్‌కు పాత దెబ్బ గుర్తుంది. 1976 ఒలింపిక్స్‌కు ముందు అక్కడి మేయర్ జాన్ ద్రాపో, మగవాడికి బిడ్డ పుట్టడం ఎంత అసాధ్యమో ఒలింపిక్స్‌కి నష్టం రావడమూ అంతేనన్నాడు. ఆ అప్పు తీరేసరికి 2006 వచ్చింది. ముప్పై ఏళ్లు.

ఇప్పుడు మన సంగతి. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు ఖాయమయ్యాయి. మన దగ్గరా జీఎస్టీ కేంద్రానికీ రాష్ట్రానికీ వెళ్తుంది, నగరపాలక సంస్థకు నేరుగా వాటా లేదు. 2010 ఢిల్లీ క్రీడలకు మొదట అనుకున్న సుమారు 1,200 కోట్లు 18,500 కోట్లు దాటాయని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికే చెప్పింది. కాబట్టి అహ్మదాబాద్ వార్తల్లో స్టేడియం బొమ్మలు ఎన్ని వచ్చినా, నేను వెతికేది ఒక్క కాగితం కోసం: అంచనా దాటితే మిగతాది ఎవరు కడతారని రాసుకున్నారు?