చివరి చూపు దక్కని ఇళ్లు

నమస్కారం. కరోనా వచ్చిన మొదటి ఏడాదిలోనే ప్రపంచమంతటా ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని 2022 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కారణం అడిగితే ఒంటరితనం, లాక్‌డౌన్, ఉద్యోగాలు పోవడం అంటారు. అవన్నీ నిజమే. మన ఇళ్లలో మాత్రం ఇంకా లోతుగా దిగిన దెబ్బ ఒకటుంది. చావు ఇంట్లో జరగవలసినవి జరగకపోవడం.

మామూలు రోజుల్లో ఎవరైనా పోతే వాకిలి నిండా జనం. పొయ్యి వెలగని ఇంటికి పక్కింటివాళ్లు అన్నం, చారు తెస్తారు. పెద్దకర్మ దాకా పలకరించడానికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. వచ్చిన ప్రతివారూ ‘ఎలా జరిగిందమ్మా’ అని అడుగుతారు. మళ్లీ మొదటినుంచి చెప్పాలి. విసుగే, కాదనను. కానీ అలా చెప్పగా చెప్పగానే ఆ మనిషి ఇక లేడన్న సంగతి మనసు ఒప్పుకుంటుంది. ఏ మతంవాళ్లయినా ఇంతే, పద్ధతులు వేరు.

2021 ఏప్రిల్, మే నెలల్లో ఏమైంది? తండ్రి పోయిన కబురు ఆసుపత్రి గేటు బయట నిలబడ్డ కొడుక్కి ఫోనులో తెలిసింది. జిప్పు వేసిన సంచి తిన్నగా శ్మశానానికి వెళ్లింది. చిత్రమేమిటంటే, 2020 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సిబ్బంది ఆ జిప్పు ముఖం వరకు తీసి బంధువులకు చివరిసారి చూపించవచ్చు. శరీరాన్ని తాకకుండా చేసే కర్మలూ చేసుకోవచ్చు. స్నానం చేయించడం, కౌగిలించుకోవడం లాంటివే వద్దన్నారు. అదే నెలలో వచ్చిన లాక్‌డౌన్ ఉత్తర్వు కూడా అంత్యక్రియలకు 20 మంది దాకా అనుమతించింది. అయినా ఎందరికో చివరి చూపు దక్కలేదు. వైరస్ మీద భయం కొంత, అడిగే ధైర్యం లేక కొంత. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఇక్కడే.

దానిమీద నేరభావన. ‘ఇంటికి ఎవరు తెచ్చారు?’ పెళ్లికి వెళ్లొచ్చిన కోడలిని ఎవరూ పల్లెత్తు మాట అనకపోవచ్చు, ఆమె మాత్రం తనను తాను అనుకుంటూనే ఉంటుంది. ఆపైన అప్పు. బిల్లు కోసం నగలు తాకట్టు పెట్టినవాళ్లకు వడ్డీ కట్టే తేదీ వచ్చిందంటే ఆ చావు మళ్లీ కళ్లముందుకు వస్తుంది.

జబ్బులను గుర్తించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసే జాబితా, అంటే అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ, 2022లో అమల్లోకి వచ్చిన దాని 11వ కూర్పులో ‘దీర్ఘకాలిక దుఃఖం’ ఒక రుగ్మతగా చేరింది. కనీసం ఆరు నెలలు దాటినా బాధ తగ్గక, రోజువారీ పనులు సాగకపోతే వైద్యులు ఆ కోణంలో చూస్తారు. ఏడాది తర్వాత ఫొటో చూసి ఏడ్చినవాళ్లందరికీ జబ్బు అంటగట్టకండి. ఆయా సమాజాల ఆచారాన్ని మించి ఉంటేనే లెక్క అని ఆ వర్గీకరణే చెబుతోంది.

మన పెద్దవాళ్లు ‘మనసు బాగా లేదు’ అని డాక్టరు దగ్గరికి వెళ్లరు. గుండె దడ అంటారు, తల బరువు అంటారు. ఈసీజీ తీస్తే మామూలుగానే వస్తుంది. ‘నాకేమైనా పిచ్చా?’ అన్న భయం ఆ పై మాట చెప్పనివ్వదు. అలాంటివారి కోసం 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ ఉంది. నంబరు 14416. డబ్బు కట్టనక్కర లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ‘నిద్ర పట్టడం లేదండీ’ అంటే చాలు, మిగతావి వాళ్లే అడుగుతారు.