గోదావరిలో చేపలెన్ని? వల చెప్పే లెక్క, చెప్పని లెక్క

శ్రోతలకు నమస్కారం.

వేసవిలో నీరు అడుగంటిన ఊరి చెరువును పట్టినప్పుడు, అందులో ఎన్ని చేపలున్నాయో గట్టు మీద కూర్చునే లెక్కపెట్టవచ్చు. అయినా బురదలో దూరిన కొరమీను, మట్టగిడస ఆ లెక్కకు అందకపోవచ్చు. గోదావరిని అలా ఎండగట్టలేము. సముద్రం సంగతి చెప్పనే అక్కరలేదు. కాబట్టి కొన్ని చేపలను పట్టి చూసి, వాటిని బట్టి మిగిలినవాటిని అంచనా వేయడం తప్ప శాస్త్రజ్ఞులకు వేరే దారి లేదు. అలా పట్టినదాన్నే నమూనా అంటారు. ఆ నమూనాను ఎలా తీస్తారో, అది ఎక్కడెక్కడ పొరపాటుకు తావిస్తుందో ఈ ప్రసంగంలో చెప్పుకుందాం.

నీటిలో తెరలా నిలబడే గిల్‌నెట్‌తో మొదలుపెడదాం. ఈదుతూ వచ్చిన చేప తల వలకంటిలో దూరి, మొప్పల దగ్గర బిగుసుకుపోతుంది. కంటి కంటె సన్నని చేప జారిపోతుంది. తల పట్టనంత లావుపాటిది తగిలి వెనక్కు మళ్ళుతుంది. అందువల్ల ఒకే కొలత కన్నులున్న వలలో పడిన చేపలన్నీ దాదాపు ఒకే ఈడువిగా కనిపిస్తాయి. ఆ పట్టుబడిని మాత్రమే చూసి, ఈ నదిలో పిల్లచేపలూ లేవు, ముదురు చేపలూ లేవు అని నివేదిక రాసినవాడు నది గురించి కాదు, తన వల గురించే రాసినట్టు. ఈ లోపాన్ని తగ్గించడానికి వేర్వేరు కన్నులున్న ముక్కలను కలిపి ఒకే వలగా కట్టి వేస్తారు. అయినా వల కదలదు కనుక, తిరుగాడే చేపే దానికి తగులుతుంది గాని, రాతి సందున కదలకుండా పడి ఉండే చేప తగలదు. ముళ్ళున్న జెల్ల మాత్రం, ఒంటి కొలతతో పని లేకుండా, ముల్లు వలకు చిక్కి దొరికిపోతుంది. వల వేసిన కాలం కూడా చూసుకోవాలి. పులస వరద నీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వచ్చేది వానాకాలంలో. నడివేసవిలో వల వేసి, అది లేదని తేల్చడంలో అర్థం లేదు.

ఇక గుర్తు వేసి వదిలే పద్ధతి. పంతొమ్మిదో శతాబ్ది చివర చేపలకు గుర్తులు కట్టి పరిశీలించిన డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు పీటర్సన్ పేరుతో దీన్ని పిలుస్తారు. ఒక చెరువులో 200 చేపలను పట్టి, రెక్కకు గుర్తు కట్టి వదిలామనుకోండి. కొన్నాళ్ళకు మళ్ళీ వల వేస్తే 150 పడ్డాయి, వాటిలో 10కి గుర్తు ఉంది. అంటే పదిహేనింటికి ఒకటి గుర్తున్న చేప. కాబట్టి చెరువులో మొత్తం 3,000 చేపలు ఉండాలి. వినడానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. కాని ఈలోగా సగం గుర్తులు ఊడిపోయి, పదికి బదులు ఐదే కనిపించాయనుకోండి, అదే లెక్క 6,000 అంటుంది. చెరువులో ఒక్క చేప కూడా పెరగకుండానే అంచనా రెట్టింపయింది. గుర్తు వేసిన చేపలు దెబ్బతిని చనిపోయినా, ఒకసారి చిక్కిన భయంతో వలను తప్పించుకున్నా ఇదే జరుగుతుంది. పైగా చెరువుకు గట్టుంది, గోదావరికి రెండు వైపులా దారులు తెరిచే ఉన్నాయి.

సముద్రం విషయానికి వస్తే, మన తీరంలో లెక్క ఎక్కువగా రేవుల్లో జరుగుతుంది. 1947లో ఏర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తీరాన్ని ప్రాంతాలుగా విభజించి, రేవులను, రోజులను, పడవలను ముందుగా ఎవరి ఇష్టాయిష్టాలకూ తావులేకుండా ఎంపిక చేసి, ఒడ్డుకు చేరిన సరుకును నమోదు చేసి, మొత్తం పట్టుబడిని అంచనా వేస్తుంది. చాలా శ్రద్ధగా రూపొందించిన పద్ధతి ఇది. అయితే అది చెప్పేది ఒడ్డుకు వచ్చిన చేప గురించి. నడిసముద్రంలో పారబోసినది అందులో కనిపించదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట విరామంలో మర పడవలు కదలవు గనుక, ఆ రోజుల్లో వాటి నుంచి వచ్చే సమాచారమూ ఉండదు. తుఫాను వల్ల పడవలు ఆగినా పట్టుబడి తగ్గుతుంది. సముద్రంలో చేప తగ్గిందని దానికి అర్థం కాదు.

అందుకే పట్టుబడిని వేట గంటలతో భాగించి చూస్తారు. దానికీ ఒక చిక్కుంది. కెనడాలోని న్యూఫౌండ్లాండ్ తీరంలో కాడ్ చేప తరిగిపోతున్నా, మిగిలిన చేపలు గుంపులుగా చేరే చోట్లు పెద్ద ట్రాలర్లకు తెలుసు గనుక, వాటి గంట పట్టుబడి బాగానే ఉంటూ వచ్చింది. ఒడ్డు దగ్గర వేటాడే చిన్న మత్స్యకారులు చేప తగ్గిందని మొత్తుకున్నా ఆ మాటకు తగిన విలువ దక్కలేదు. చివరకు 1992 జూలైలో ప్రభుత్వం వేటను నిలిపివేసింది. వేలాది కుటుంబాల జీవనం తలకిందులైంది. నా దృష్టిలో అక్కడి తప్పు గణితంలో కన్నా, ఏ పడవల మాట వినాలో ఎంచుకోవడంలో ఎక్కువగా ఉంది.

చిన్న వాగుల్లో పరిశోధకులు నీటిలోకి విద్యుత్తు పంపి, సొమ్మసిల్లిన చేపలను లెక్కించి తిరిగి వదులుతారు. లోతు నీటిలో అది పనిచేయదు. ఉప్పు నీటిలోనైతే విద్యుత్తు చేపను వదిలి నీటి గుండానే పోతుంది. ఇటీవల వలే అక్కరలేకుండా, చేపలు నీటిలో వదిలే డీఎన్‌ఏను బట్టి ఏ జాతులున్నాయో గుర్తిస్తున్నారు. ఉన్నదని అది చెప్పగలదు గాని, ఎన్ని ఉన్నాయో, ఎంత పెద్దవో కచ్చితంగా చెప్పలేదు. ఆపైన నదిలో నీరు ఎగువ నుంచి మోసుకొచ్చినదీ అందులో కలుస్తుంది. ఏ ఊరి చేపల బజారు కడుగునీరో కాలువ వెంట వచ్చి చేరితే, సముద్రపు వంజరం కూడా గోదావరిలో ఈదుతున్నట్టే లెక్కకెక్కుతుంది.