కిబ్బర్‌లో మంచు చిరుత కోసం ఆరు రోజులు: వెళ్లవచ్చా, వద్దా?

నమస్కారం. నా వెనకాల కనబడుతున్న ఊరు కిబ్బర్. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో, సముద్రమట్టానికి 4,200 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. ఫిబ్రవరి నెల, ఉదయం ఎనిమిది గంటలు. రెండు జతల చేతి తొడుగులు వేసుకున్నా నా వేళ్లు నా మాట వినడం లేదు. కెమెరా వణికితే కాస్త సర్దుకోండి.

దాచడం ఎందుకు, మంచు చిరుత కనబడింది. ఆరు రోజుల్లో రెండుసార్లు. రెండూ కలిపితే నలభై నిమిషాలు కూడా ఉండవు. రెండుసార్లూ ముందుగా చూసింది ఈ ఊరి మనిషే. నన్ను ఒంటరిగా వదిలేసి ఉంటే ఆరు నెలలైనా రాళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చునేదాన్ని.

ఆ మొదటిసారి ఎలా జరిగిందో చెబుతాను. కిబ్బర్‌కూ ఎదురుగా ఉన్న చిచమ్ ఊరికీ నడుమ లోతైన లోయ చీలిక ఉంది. దాని అంచున టెలిస్కోప్ నిలబెట్టి, మా స్పాటర్, అంటే చిరుతను వెతికి చూపించే ఊరి మనిషి, గంటసేపు నోరు విప్పలేదు. తర్వాత నెమ్మదిగా నన్ను పిలిచి, హిందీలో, "పసుపు గడ్డి దుబ్బు కనబడిందా? దాని కింద నల్లటి చార. చారకు ఎడమవైపు రాయి" అన్నాడు. చూశాను. అన్నీ రాళ్లే. "ఏ రాయి?" అన్నాను. "చెవులున్న రాయి" అన్నాడు. అప్పుడు ఆ రాయి తోక ఎత్తింది. దాదాపు ఒంటి పొడవంత ఉండే తోక, చేయి మందాన బొచ్చు. దాన్ని తెచ్చి ముక్కు మీద కప్పుకుని మళ్లీ రాయైపోయింది. నేను చలికి దుప్పటి ముఖం మీదికి లాక్కున్నట్టే!

చలికాలంలోనే ఎందుకు రావాలంటే, పైన మంచు పేరుకున్నప్పుడు నీలి గొర్రెలు, ఐబెక్స్ కొండమేకలు గడ్డి కోసం కిందికి దిగుతాయి. వాటి వెనకాలే చిరుత దిగుతుంది. జనవరి నుంచి మార్చి దాకా జతకట్టే కాలం కూడా కావడంతో కొన్ని సాయంత్రాలు దాని అరుపు లోయలో ప్రతిధ్వనిస్తుంది. 2024 జనవరిలో ప్రకటించిన గణన ప్రకారం మన దేశం మొత్తానికి 718 మంచు చిరుతలు. 477 లద్దాఖ్‌వే. హిమాచల్ వాటా 51. కాబట్టి 'చిరుత గ్యారంటీ' అని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే దండం పెట్టి వచ్చేయండి. నాకు అమ్మినాయన అలాగే చెప్పాడు. పైగా దారిలో ఎక్కడా విశ్రాంతి లేకుండా మమ్మల్ని పైకి తోలుకొచ్చాడు. మొదటి రాత్రంతా తలనొప్పి, వాంతులు. చలికాలంలో మనాలీ వైపు కుంజుమ్ కనుమ మూసుకుపోతుంది గనుక సిమ్లా, కిన్నౌర్ మీదుగానే రావాలి. కల్పలో ఒక రాత్రి, తాబోలో ఒక రాత్రి, కాజాలో రెండు రాత్రులు ఆగితే ఒళ్లు అలవాటు పడుతుంది. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా బయలుదేరవద్దు.

ఇక్కడ నాకు బాగా నచ్చినది చిరుతతో ఈ ఊరి లెక్క. గొర్రెను, గుర్రాన్ని ఎత్తుకుపోయే జంతువును పశువులు కాచుకునేవాడు ప్రేమిస్తాడా? 1990ల చివర్లో ఊరివాళ్లు తమ మేత భూమిలో కొంత భాగాన్ని అడవి గొర్రెలకు వదిలేశారు. ఆ తర్వాత చిరుత చంపిన పశువుకు పరిహారం వచ్చేలా తామే డబ్బు వేసుకుని బీమా నడుపుకున్నారు. ఇప్పుడు హోమ్‌స్టే అద్దె, స్పాటర్ కూలి కూడా ఆ చిరుత పుణ్యమే. "ఒకప్పుడు అది మా నష్టం, ఇప్పుడు మా చలికాలం జీతం" అని మేం దిగిన ఇంటి యజమాని నవ్వాడు.

నచ్చనిది జనం. రెండోసారి కనబడినప్పుడు ఒకే అంచు మీద ఇరవై కెమెరాలు. ఒక పెద్దమనిషి, ఇంకా దగ్గరికి దిగుదాం అని స్పాటర్‌ను సతాయించాడు. స్పాటర్ ఒప్పుకోలేదు. ఆ ఒక్క మాటకు నేను ఆయనకు పదికి పది వేస్తాను.

చిరుత లేని రోజున చిచమ్ దాకా నడవండి. 2017లో వంతెన రాకముందు ఈ లోయను తాడుకు వేలాడే తొట్టెలో దాటేవారట. వంతెన మధ్యలో నిలబడి కిందికి చూశాక ఆ మాట గుర్తుకొస్తే కాళ్లు వణుకుతాయి. దారిలో ఎర్ర నక్క మంచులో ముక్కు దూర్చి ఎలుక కోసం వెతుకుతుంటే, నేను చిరుతను పూర్తిగా మరిచిపోయాను.

బస విషయానికొస్తే, గది మధ్యలో రేకు పొయ్యి ఉంటుంది. ఇక్కడివాళ్లు దాన్ని తందూర్ అంటారు. అది ఆరితే గదిలో మంచినీళ్లు కూడా గడ్డకడతాయి. గొట్టాల్లో నీళ్లు రావు. మరుగుదొడ్డి మట్టి చల్లే పాతకాలపు రకం. మొదటి రోజు ఇబ్బంది పడ్డాను, మూడో రోజుకు అలవాటైంది. స్నానం సంగతి అడగకండి.

కెమెరా బ్యాటరీలు మాత్రం రాత్రి మేజోడులో పెట్టి పక్కలో పడుకోబెట్టుకోండి. నేను బల్ల మీద వదిలేశాను. అందుకే మొదటి చిరుత ఈ వీడియోలో లేదు.