ఒడ్డు నుంచి బ్యాస్ పట్టడానికి ఈ ఒక్క పురుగు చాలా? నా రివ్యూ

నమస్కారమండీ. ఉదయం ఆరున్నర అయింది. టెక్సస్‌లో రే రాబర్ట్స్ లేక్ ఒడ్డున, స్టేట్ పార్కులోని ఐల్ డు బోయ్ భాగంలో ఉన్నాను. డాలస్‌కి ఉత్తరాన ఉంటుంది ఇది. ఆ దూరంగా నీళ్ళలోంచి పైకి లేచిన ఎండు మోడులు కనిపిస్తున్నాయా? ట్రినిటీ నది పాయ మీద ఆనకట్ట కట్టి 1987లో నీళ్ళు నింపినప్పుడు మునిగిపోయిన చెట్లవి. పడవలున్నవాళ్ళు తెల్లారకముందే అటు వెళ్ళిపోతారు. మనకి పడవ లేదు, ఈ గట్టే ఉంది. ఈ గట్టు నుంచే లార్జ్‌మౌత్ బ్యాస్ అనే పెద్ద నోటి మంచినీటి చేపని పట్టాలి.

అందుకు నేను రెండేళ్ళుగా ఎక్కువగా వాడుతున్నది ఇదిగో, ఇది. అయిదంగుళాల మెత్తటి ప్లాస్టిక్ పురుగు. స్టిక్ వర్మ్ అంటారు. ఈ తరహా పురుగుకి పేరు తెచ్చింది గ్యారీ యమమోటో చేసిన సెంకో. ఇప్పుడు చాలా కంపెనీలు ఇలాంటివే అమ్ముతున్నాయి. కాబట్టి ఇవాళ్టి రివ్యూ ఏ ఒక్క బ్రాండ్‌కీ కాదు, ఈ రకానికి.

చేతిలో పట్టుకుంటే ఏమీ అనిపించదు. తోక లేదు, కాళ్ళు లేవు, మెరుపు లేదు. మొదటిసారి చూసినప్పుడు దీన్ని చేప ఎందుకు తింటుందనుకున్నాను. కిటుకంతా లోపల ఉంది. ప్లాస్టిక్‌లో ఉప్పు బాగా దట్టించి పోతపోస్తారు. ఆ ఉప్పు బరువుకి సీసం గుండు కట్టకుండానే మునుగుతుంది. హుక్ సరిగ్గా నడుముకి గుచ్చారనుకోండి, అడ్డంగా, నెమ్మదిగా దిగుతూ రెండు కొసలూ వణుకుతాయి. మీరు రాడ్, అంటే గాలం కర్ర, కదపక్కర్లేదు, దారం చుట్టే రీల్ తిప్పక్కర్లేదు. అది దిగుతుంటేనే పని జరుగుతుంది. ఇలా నడుముకి గుచ్చడాన్ని వ్యాకీ రిగ్ అంటారు.

ఇక్కడ మన చెరువు సంగతి ఒకటి చెప్పాలి. చిన్నప్పుడు తాతయ్యతో గాలం వేసిన వాళ్ళకి కొర్రమీను గురించి చెప్పక్కర్లేదు కదా. చెరువు నడిమధ్యలో తిరగదది. తుంగలో, నాచు పక్కన, నీడలో కదలకుండా ఉండి, కప్పో చిన్న చేపో దగ్గరికి రాగానే ఒక్క ఊపులో అందుకుంటుంది. బ్యాస్ వేరే కుటుంబపు చేప, కానీ వేటాడే తీరు చాలావరకు ఇదే. తరిమి తరిమి పట్టే రకం కాదు, మాటు వేసే రకం. మాటు వేయడానికి దానికి ఏదో ఒక చాటు కావాలి. మోడు, రాయి, గడ్డి అంచు, పియర్, అంటే నీళ్ళలోకి కట్టిన వంతెన లాంటి దాని కింద నీడ. అవన్నీ ఎక్కడున్నాయి? చాలావరకు ఒడ్డుకి దగ్గర్లోనే.

మనం మాత్రం ఏం చేస్తాం? ఒడ్డుకి వచ్చి నిలబడి, బలం కొద్దీ నడిమధ్యలోకి విసురుతాం. మొదటి వేసవంతా నేనూ అదే చేశాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా విసిరి ఖాళీ చేతులతో ఇంటికి వెళ్ళేవాణ్ణి. చేప నా కాళ్ళకి పదడుగుల దూరంలో ఉండేది. నా అడుగుల చప్పుడుకి, నీడకి అది జారుకున్నాక నేను విసరడం మొదలుపెట్టేవాణ్ణి!

అందుకే ఇప్పుడు చూడండి, నీటి అంచుకి రాలేదు. నాలుగైదు అడుగులు వెనకే ఆగాను. మొదటి విసురు ఎదురుగా కాదు, గట్టు వెంబడి, ఒడ్డుకి సమాంతరంగా. ఆ గడ్డి అంచు ఎంత దూరం ఉందో అంత దూరం. ఇదిగో, పడింది. రీల్ మూశాను. లైన్, అంటే గాలం దారం, కొంచెం వదులుగా ఉంచాను, బిగిస్తే పురుగు నేరుగా కిందికి దిగదు, నా వైపు ఊగుతూ వచ్చేస్తుంది. ఇక లైన్‌నే చూస్తుండాలి. అది అడుగుకి చేరాక ఒక్కసారి రాడ్ మెల్లగా ఎత్తి మళ్ళీ దింపుతాను. అంతే.

మనవాళ్ళకి కష్టమయ్యేది ఇక్కడే. చిన్నప్పటి గాలానికి బెండు ఉండేది. బెండు మునిగితే లాగాలి, చేతికి అదే అలవాటు. దీనికి బెండు లేదు. చేప అందుకుంటే చాలాసార్లు గుంజినట్టే ఉండదు. లైన్ మెల్లగా పక్కకి నడుస్తుంది. లేదా దిగుతున్న లైన్ మధ్యలోనే ఆగిపోతుంది. అప్పుడు వదులుగా ఉన్న లైన్ చుట్టేసి, పక్కకి గట్టిగా లాగాలి. ఆలస్యం చేయకండి. ఈ పురుగుతో ఉన్న పెద్ద ఇబ్బంది అదే, మెత్తగా ఉప్పగా ఉంటుంది కాబట్టి చేప ఉమ్మేయదు, మింగేస్తుంది. హుక్ గొంతులో దిగితే వదిలేసిన చేప కూడా బతకకపోవచ్చు. ఒకసారి నేను ఫోన్ చూసుకుంటూ ఉండగా అలాగే జరిగింది. ఆ చేప నా చేతిలో నెత్తురు కారుతూ ఉన్నది ఇంకా గుర్తుంది. అప్పటినుంచి ముల్లు నొక్కేసిన హుక్కే వాడుతున్నాను, లైన్ నీళ్ళలో ఉన్నంతసేపూ ఫోన్ సంచిలోనే.

ఇంకో లోపం, త్వరగా చిరిగిపోతుంది. రెండు మూడు చేపలకి నడుము దగ్గర తెగుతుంది. ఒక్కోసారి గట్టిగా విసిరితేనే ఊడిపోతుంది. దీనికి చవకైన ఉపాయం ఉంది. చిన్న రబ్బరు రింగు పురుగు నడుముకి తొడిగి, హుక్ ఆ రింగు కిందికి పోనివ్వండి. ఒక్క పురుగు ఎక్కువ చేపలకి వస్తుంది. చిరిగిన ముక్కల్ని మాత్రం దయచేసి నీళ్ళలో పారేయకండి. అవి కరగవు, చేపల పొట్టల్లోకి వెళ్తాయి. నా సంచి పక్క జేబులో చిన్న జిప్ కవర్ ఉంటుంది, అన్నీ అందులోకే.

గాలి ఎక్కువగా ఉన్న రోజు కూడా ఇది కష్టపెడుతుంది. బరువు తక్కువ కదా, లైన్ విల్లులా వంగిపోతుంది, చేప పట్టిందో లేదో తెలియదు. పైగా గాలి కొట్టే ఒడ్డుకే చిన్న చేపలు కొట్టుకొస్తాయి, వాటి వెనకే బ్యాస్ వస్తుంది. అంటే మంచి ఒడ్డున, మంచి రోజున ఇది చేతులెత్తేస్తుందన్నమాట. అప్పుడు నేను పురుగు ఒక కొసలోకి మేకు లాంటి చిన్న బరువు గుచ్చుతాను. లేకపోతే వేరే ఎర కట్టేస్తాను. ప్రతి పరిస్థితికీ ఇదొక్కటే చాలని చెప్పలేను.

రాడ్ గురించి ఎక్కువ చెప్పను. ఏడడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్, 2500 సైజు రీల్, 10 పౌండ్ల బరువు తట్టుకునే లైన్. రంగు? గోధుమ రంగు కలిసిన ఆకుపచ్చ, గ్రీన్ పంప్‌కిన్ అంటారు. నేను దాన్నే ఎక్కువ వాడతాను. నీళ్ళు బాగా మడ్డిగా ఉంటే నలుపు, నీలం కలిసినది.

పోయిన శనివారం మా అమ్మాయి వచ్చింది నాతో. పదేళ్ళు. విసరడం ఇంకా సరిగ్గా రాదు, పాతికడుగులు కూడా పోదు. గడ్డి పక్కనే పడింది. "నాన్నా, తీగ నడుస్తోంది" అంది. లైన్ అనలేదు, తీగ అంది! పదిహేనంగుళాల చేప. నోరు తెరిస్తే మా అమ్మాయి పిడికిలి పట్టేంత. తడి చేతులతో పట్టుకుని, కింది పెదవి పట్టి ఒక్క నిమిషంలో వదిలేసింది. దూరం విసరలేకపోవడమే తనకి కలిసొచ్చింది. పిల్లలతో వచ్చేవాళ్ళకి ఈ పురుగు ఇవ్వమని చెప్పేది అందుకే. విసరడం బాగా రాని చేతుల్లో కూడా పనిచేస్తుంది.

ఇది వసంతకాలం కాబట్టి ఇంకొక్క మాట. నీళ్ళు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక బ్యాస్ లోతు తక్కువ చోటికి వచ్చి గుడ్లు పెడుతుంది. మగ చేప అడుగున గుంట చేసి, గుడ్లకీ పిల్లలకీ కాపలా కాస్తుంది. మన చెరువులో కొర్రమీను పిల్లల ఎర్రటి గుంపు నీటి పైకి వచ్చి దిగుతుంటే, కిందే తల్లో తండ్రో ఉందని తాతయ్య చూపించేవారు. అక్కడ గాలం వేయనిచ్చేవారు కాదు. ఇక్కడ చట్టం అంత దాకా ఆపదు, కానీ తెల్లటి గుంట మీద కదలకుండా నిలబడ్డ చేప కనిపిస్తే నేను పక్కకి వెళ్ళిపోతాను. దాన్ని ఒడ్డుకి లాగిన ఆ కాస్సేపట్లో చిన్న చేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి.

రూల్స్ త్వరగా చెప్పేస్తాను. టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఒడ్డు నుంచి, పియర్ మీద నుంచి పట్టడానికి ఫిషింగ్ లైసెన్స్ అక్కర్లేదు. ఎంట్రీ ఫీజు మాత్రం ఉంటుంది, 12 ఏళ్ళు, అంతకంటే చిన్న పిల్లలకి అదీ లేదు. లైసెన్స్ లేకపోయినా సైజు పరిమితులు వర్తిస్తాయి. లార్జ్‌మౌత్‌కి రాష్ట్రమంతటా ఉన్న మామూలు లెక్క: కనీసం 14 అంగుళాలున్న చేపలే ఉంచుకోవాలి, అవీ రోజుకి 5. కొన్ని లేకులకి వేరు. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య చేపని తప్పకుండా వదిలేయాలి. ఏ లేక్‌కి వెళ్తే దాని రూల్ చూసుకుని వెళ్ళండి.

మార్కులా? గాలి లేని ఉదయం, గడ్డి అంచున్న ఒడ్డు అయితే పదికి తొమ్మిది. గాలి రోజున అయిదు. మొదటిసారి ఒడ్డుకి వచ్చేవాళ్ళు ఒక ప్యాకెట్ పురుగులు, ఒక ప్యాకెట్ హుక్కులు, కాసిని రబ్బరు రింగులు కొనుక్కుంటే సరిపోతుంది. పెద్ద పెట్టె నిండా ఎరలు తర్వాత కొనుక్కోవచ్చు.

ఆగండి, లైన్ పక్కకి జరుగుతోంది. కెమెరా ఇక్కడే పెట్టేస్తున్నాను.