కట్ లేని కెమెరా: గాడ్ ఆఫ్ వార్ బలాలు, లోపాలు

అందరికీ నమస్కారం. మారతహళ్లి నుంచీ, ఎలక్ట్రానిక్ సిటీ నుంచీ ఈ సాయంత్రపు ట్రాఫిక్ దాటుకుని వచ్చినందుకు ధన్యవాదాలు. బెంగళూరులో గేమ్ ఆర్ట్, యానిమేషన్, టెస్టింగ్ పనులు చేసే తెలుగువాళ్లే ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు. అందుకని 'గ్రాఫిక్స్ అదిరిపోయాయి' అన్న మాట దగ్గర ఆగకుండా ఒక ఆటను విప్పి చూద్దాం. అది 2018 ఏప్రిల్ 20న ప్లేస్టేషన్ 4లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్. తయారుచేసింది శాంటా మోనికా స్టూడియో, దర్శకుడు కోరీ బార్లాగ్. 2022 జనవరిలో పీసీకి కూడా వచ్చింది.

కథ చాలా చిన్నది. మనం ఆడించే కథానాయకుడు క్రేటోస్, అతని భార్య చనిపోయింది. లోకాలన్నిటిలోకీ ఎత్తయిన శిఖరం మీద తన చితాభస్మం చల్లాలన్నది ఆమె ఆఖరి కోరిక. తండ్రి, కొడుకు అట్రియస్ ఆ బూడిద తీసుకుని బయల్దేరతారు. ఇంత చిన్న కథ అన్ని గంటలపాటు మనల్ని పట్టి ఉంచడానికి పెద్ద కారణం ఒక నిర్ణయం. మొదటి దృశ్యం నుంచి చివరిదాకా, మనం చచ్చిపోయినప్పుడూ మెనూ తెరిచినప్పుడూ తప్ప, కెమెరా ఎక్కడా కట్ కాదు, అంటే ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కు దూకదు. ఈ ఆటలో మెచ్చుకోవాల్సినవీ, తప్పుపట్టాల్సినవీ చాలావరకు ఆ నిర్ణయంలోంచే పుట్టాయన్నది నా వాదన.

2005 నాటి మొదటి గాడ్ ఆఫ్ వార్‌లో కెమెరా దూరంగా, పైన ఉండేది. ఎవరు ఎటునుంచి వస్తున్నారో మొత్తం కనబడేది. గొలుసు కత్తులు చుట్టూ తిప్పితే పదిమంది ఎగిరిపడేవాళ్లు. 2018లో ఆ కెమెరాను తెచ్చి క్రేటోస్ భుజం వెనక కూర్చోబెట్టారు. దీనివల్ల మనిషి దగ్గరయ్యాడు, యుద్ధరంగం చిన్నదైపోయింది.

దగ్గరవడం వల్ల ఏం దక్కిందో మొదట్లో వచ్చే జింక వేటలో చూడండి. కుర్రాడు తొందరపడి బాణం వేస్తాడు, గురి తప్పుతుంది, తండ్రి గద్దిస్తాడు. చివరికి జింక దొరికాక క్రేటోస్ చెయ్యి కొడుకు వీపు దాకా వెళ్తుంది, తాకకుండానే వెనక్కి వచ్చేస్తుంది. కట్ చేసి చేతి క్లోజప్ వేస్తే అది 'చూడండి, చూడండి' అని వేలెత్తి చూపినట్టయ్యేది. ఇక్కడ కెమెరా పక్కనే నిలబడింది, చూసినవాళ్లు చూశారు.

ఇక గొడ్డలి. క్రేటోస్ వాడే మంచు ఆయుధం లెవయథాన్ గొడ్డలి గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఆట మొత్తానికీ ఇరుసు అదే. కంట్రోలర్ మీద ఎల్2 బటన్ నొక్కి గురిపెట్టి, ఆర్1తో తేలికగా, ఆర్2తో గట్టిగా విసురుతాం. ట్రయాంగిల్ నొక్కితే వెనక్కి వస్తుంది. ఆ రాకలో దశలున్నాయి. నొక్కగానే క్రేటోస్ చెయ్యి తెరుచుకుంటుంది, గొడ్డలి దిగబడిన చోటునుంచి ఊడుతుంది, తిరుగుతూ వస్తుంది, దారిలో ఎవడు అడ్డొస్తే వాడికి తగులుతుంది. అరచేతిలో పడ్డ క్షణాన కంట్రోలర్ అదురుతుంది, కెమెరా కొద్దిగా ఊగుతుంది, బరువైన చప్పుడొకటి వినబడుతుంది. ఈ మూడింటిలో ఏది తీసేసినా గొడ్డలి బరువు పోతుంది.

గొడ్డలి చేతిలో లేనప్పుడు పిడికిళ్లే గతి. పిడికిలి దెబ్బకు ప్రాణం తక్కువ తగ్గుతుంది, స్టన్, అంటే శత్రువు ఎంత దిమ్మెరపోయాడో చూపే గీత, మాత్రం త్వరగా నిండుతుంది. నిండాక ఆర్3 నొక్కితే శత్రువు పని అయిపోయినట్టే. కాబట్టి విసరడమంటే దూరంనుంచి కొట్టడం ఒక్కటే కాదు, గొడ్డలితోనా పిడికిళ్లతోనా అని ఎంచుకోవడం కూడా. ఒక డ్రాగర్‌ను, అంటే చచ్చి లేచిన యోధుణ్ణి, ఆర్2 విసురుతో గడ్డకట్టించి, గొడ్డలిని అక్కడే వదిలేసి, రెండోవాణ్ణి పిడికిళ్లతో లొంగదీసి, అప్పుడు గొడ్డలిని పిలవండి. తలుపును నడిపే చక్రం తిరుగుతుండగా అదే గొడ్డలి అందులో దిగబడితే చక్రం గడ్డకట్టి ఆగిపోతుంది, తలుపు తెరిచే ఉంటుంది. పోరాటం, పజిల్ రెండూ ఒక్క బటన్ మీద నడుస్తున్నాయి.

తర్వాత ఆట మనకు అలవాటైన ఆ గొడ్డలినే పనికిరాకుండా చేస్తుంది. అట్రియస్ జబ్బుపడతాడు, క్రేటోస్ కొడుకు లేకుండా చచ్చినవాళ్ల లోకమైన హెల్‌హైమ్ వెళ్లాలి. అక్కడివాళ్లది మంచు స్వభావం, ఈ మంచు గొడ్డలి వాళ్లకు ఆనదు. ఇంటికెళ్లి నేల కింద దాచిపెట్టిన పాత గొలుసు కత్తులు తీయాల్సి వస్తుంది. వాటిని మళ్లీ ముట్టుకోకూడదనే అతను ఇన్నాళ్లూ బతికాడు. కథకు ఆ కత్తులు ఎంత అవసరమో, పోరాట లెక్కకూ అంతే అవసరం. పైగా స్క్వేర్ నొక్కితే వచ్చే కొడుకు బాణాలు లేవు, 'వెనకాల!' అని అరిచే వాడి గొంతూ లేదు. కొడుకు లేని లోటును డైలాగుతో చెప్పకుండా బటన్‌తో చెప్పారు. ఆట మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే భాగం ఇదే.

దారిలో వీళ్లతో కలిసే మిమిర్ అనే పాత్ర చెప్పే కథలు కూడా ఈ కోవలోవే. పడవలో వెళ్తుంటే ఏదో పురాణం ఎత్తుకుంటాడు. మనం ఒడ్డుకు దిగితే ఆపుతాడు, మళ్లీ పడవ ఎక్కగానే విడిచినచోటే అందుకుంటాడు. హరికథలో దాసుగారు పిట్టకథలోకి వెళ్లి తిరిగి అసలు కథకు వచ్చినంత సహజంగా ఉంటుంది.

ఇక లోపాలు. కెమెరా భుజం మీద ఉంటే వీపు వెనక గుడ్డి. దీన్ని కప్పడానికి మూడు ఏర్పాట్లు చేశారు. క్రేటోస్ చుట్టూ బాణం గుర్తులు వస్తాయి. దెబ్బ పడబోతుంటే ఎర్రగా, దూరంనుంచి ఏదైనా వస్తుంటే ఊదారంగులో కనబడతాయి. రెండోది అట్రియస్ హెచ్చరికలు. మూడోది కంట్రోలర్‌లోని దిక్కుల బటన్లలో (డీప్యాడ్) కింది దానితో చటుక్కున వెనక్కి తిరగడం. ముగ్గురు శత్రువులుంటే ఇవి చాలు. ఆరుగురై, అందులో మాయమై ఇంకోచోట తేలే రెవెనెంట్ అనే రకం శత్రువు ఉంటే, మన కళ్లు శత్రువును వదిలేసి బాణం గుర్తుల మీదే ఉంటాయి. ఆడేవాళ్లకు ఒక సలహా: మధ్యలో నిలబడకండి. ముందుగా పక్కకు దొర్లి గుంపు మొత్తం మీ ఎదురుగా వచ్చేలా చూసుకోండి. గోడకు మరీ ఆనుకుంటే కెమెరా ఇరుక్కుంటుంది, అదీ వద్దు.

రెండో లోపం ట్రోల్స్ అనే రాక్షసులు. ఇంటి గుమ్మంలో అపరిచితుడితో జరిగే తొలి పోరు, తర్వాత డ్రాగన్ పోరు మన ఆశను ఆకాశానికెత్తుతాయి. ఆ తర్వాత పెద్ద శత్రువంటే పదేపదే అదే ట్రోల్, అదే రాతి స్తంభం, దాదాపు అదే ఆఖరి దెబ్బ. రంగు మారుతుంది, నిప్పో మంచో చేరుతుంది. కట్ లేని కెమెరాలో ప్రతి భారీ శత్రువుకూ పట్టు, కుమ్ములాట, ముగింపు విడివిడిగా యానిమేట్ చేయాలంటే ఎంత శ్రమో ఈ గదిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. కానీ డబ్బు పెట్టి కొన్నవాడికి ఆ శ్రమ కనబడదు, పునరుక్తే కనబడుతుంది.

మూడో దానికి కెమెరాతో సంబంధం లేదు. క్రేటోస్ సత్తాను కొలవడానికి స్ట్రెంత్, రూనిక్ (మంత్రబలం), డిఫెన్స్, వైటాలిటీ, లక్, కూల్‌డౌన్ (ప్రత్యేక దాడి మళ్లీ సిద్ధమయ్యే వేగం) అని ఆరు లెక్కలు, వాటిమీద ఒక లెవెల్ అంకె. శత్రువు ప్రాణం గీత ఊదారంగులో ఉందంటే వాడి లెవెల్ మీకన్నా ఎక్కువ. నిన్న తూలిపడ్డ రకం శత్రువే ఇవాళ అదే దెబ్బకు కదలడు. అంత బరువుగా మలిచిన గొడ్డలి ఉత్త అంకె ముందు తేలిపోవడం నాకు మింగుడుపడదు. మెనూల్లో కవచాలు పోల్చుకుంటూ గడిపే సమయం కూడా ఈ కథకు అతకదు.

వాల్కరీలనే తొమ్మిదిమంది రెక్కల యోధురాళ్ల దగ్గర మాత్రం ఈ లెక్కలన్నీ పక్కకు తప్పుకుని ఆట నిజమైన పరీక్ష పెడుతుంది. పసుపు వలయం వస్తే ఉత్తినే ఎల్1తో కాచుకుంటే కాపు విరుగుతుంది, సరిగ్గా సమయానికి నొక్కి తిప్పికొట్టాలి. ఎర్ర వలయమైతే కాచుకోవడం లేదు, తప్పుకోవడమే. అందరిలోకీ కఠినం వాళ్ల రాణి సిగ్రున్.

అన్నిటికన్నా కష్టమైన 'గివ్ మీ గాడ్ ఆఫ్ వార్' స్థాయిని తొలిసారే ఎంచుకోవద్దని నా మనవి. మొదలుపెట్టాక ఇక మార్చుకోలేరు.

చిన్న టీములతో ఆటలు చేస్తున్నవాళ్లు కట్ లేని కెమెరా జోలికి వెళ్లేముందు ఒక పని చేయండి. బొమ్మలూ రంగులూ లేని బూడిదరంగు గదిలో ఒక పెట్టె, ఒక గొడ్డలి, ఒకే బటన్. విసరడం, ఆగడం, తిరిగి రావడం, పట్టుకోవడం. పట్టుకునే క్షణంలో వైబ్రేషన్, శబ్దం, కెమెరా ఊపు ఒక్కొక్కటే చేర్చి, ప్రతిసారీ కొత్త మనిషి చేత ఆడించండి. వాళ్లు పనేమీ లేకపోయినా మళ్లీ మళ్లీ విసురుతున్నారంటే అప్పుడు కథ రాయడానికి కూర్చోండి. ఆ తర్వాత అదే గదిలో వెనకనుంచి ముగ్గురు శత్రువులను వదలండి, కెమెరా సంగతి ఆ రోజే తేలుతుంది.