గులాబ్, షహీన్, 13 దేశాలు

శ్రోతలకు నమస్కారం.

2021 సెప్టెంబరు 26 రాత్రి శ్రీకాకుళం జిల్లా కళింగపట్నానికి కాస్త ఉత్తరాన ఒక తుపాను తీరం దాటింది. పేరు గులాబ్. ఆ పేరు ఇచ్చింది పాకిస్తాన్. తీరం దాటాక అది బలం తగ్గుతూ తెలంగాణ, మహారాష్ట్ర మీదుగా పడమటికి నడిచి, వానలు కురిపించుకుంటూ గుజరాత్ దగ్గర అరేబియా సముద్రంలో దిగింది. వెచ్చటి నీళ్ళు దొరకగానే మళ్ళీ లేచింది. అక్టోబరు 1న మరోసారి తుపానుగా మారింది. మధ్యలో అల్పపీడనం స్థాయికి పడిపోయింది కాబట్టి పాత పేరు చెల్లదు. జాబితాలో తరవాతి పేరు షహీన్, ఖతార్ ఇచ్చినది. అక్టోబరు 3న అది ఒమన్ ఉత్తర తీరాన్ని తాకింది. శ్రీకాకుళంలో కొబ్బరిచెట్లను ఊపిన గాలే వారం తిరిగేసరికి మస్కట్‌లో ఉన్న మనవాళ్ళ తలుపులు కూడా తట్టింది.

ఈ వారం రోజులూ దాని వెంట ఉన్నది ఢిల్లీలోని ఒకే కేంద్రం. బంగాళాఖాతంలో ఉన్నప్పుడు ఏ లెక్కలతో చూసిందో, అరేబియా సముద్రంలోనూ అవే లెక్కలతో చూసింది. అటు మయన్మార్ నుంచి ఇటు ఒమన్ దాకా అందరికీ ఒకే సమాచారం పంపింది. తమలో తమకు ఎన్నో పేచీలున్న ఇన్ని దేశాలు ఈ ఏర్పాటుకు ఎలా వచ్చాయో ఈ రోజు చెప్పుకుందాం.

1970 నవంబరులో అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో, భోలా ద్వీపం పరిసరాల్లో, ఉప్పెన కనీసం 3 లక్షలమందిని పొట్టనపెట్టుకుంది. రెండేళ్ళకు, 1972లో, ప్రపంచ వాతావరణ సంస్థ, ఆసియా పసిఫిక్ దేశాల ప్రభుత్వాలన్నీ కూర్చునే ఐక్యరాజ్యసమితి ఆర్థిక సంఘం కలిసి ఉష్ణమండల తుపానుల ప్యానెల్‌ను ఏర్పాటు చేశాయి. ఆ సంఘాన్నే ఇప్పుడు ఎస్కాప్ అంటున్నాం, కార్యాలయం బ్యాంకాక్‌లో ఉంది. ప్యానెల్‌లో మొదట కొద్ది దేశాలే. తరవాత గల్ఫ్ వైపు నుంచి కూడా చేరుతూ వచ్చి ఇప్పుడు 13 అయ్యాయి: బంగ్లాదేశ్, భారత్, ఇరాన్, మాల్దీవులు, మయన్మార్, ఒమన్, పాకిస్తాన్, ఖతార్, సౌదీ అరేబియా, శ్రీలంక, థాయిలాండ్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, యెమెన్. సూచనా కేంద్రం ఢిల్లీలో, భారత వాతావరణ శాఖ చేతిలో. ప్యానెల్ సచివాలయం చాలా ఏళ్ళు ఇస్లామాబాద్‌లో నడిచింది. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి ఒకసారి ఆలోచించండి.

పేర్లకే పత్రికల్లో చోటు ఎక్కువ. నన్నడిగితే అసలు పని తెల్లవారుజామున జరుగుతుంది. మనకు ఉదయం 5:30 అయినప్పుడు ఢాకాలో 6, యాంగోన్‌లో 6:30, బ్యాంకాక్‌లో 7, కరాచీలో 5, మస్కట్‌లో 4 గంటలు. గడియారాలు వేరైనా ముహూర్తం ఒక్కటే. ఆ వేళకు విశాఖపట్నంలో, మచిలీపట్నంలో, పోర్ట్ బ్లెయిర్‌లో, ఇరుగు పొరుగు దేశాల కేంద్రాల్లో బెలూన్లు పైకి లేస్తాయి. కింద వేలాడే చిన్న పెట్టె 25, 30 కిలోమీటర్ల ఎత్తుదాకా పోతూ ఉష్ణోగ్రత, తేమ, పీడనం, గాలి వివరాలు రేడియోలో పంపుతుంది. సాయంత్రం 5:30కి ఇంకో విడత. నేలమీది కొలతలు మూడు గంటలకోసారి. ఇవన్నీ ఒకే రకం సంకేత లిపిలో, వాతావరణ శాఖలకు మాత్రమే ఉన్న తీగల గుండా అన్ని దేశాలకూ చేరతాయి.

ఇందులో ఒక దేశం నుంచి కొలతలు రాకపోతే ఏమవుతుందంటారా? తుపాను తనంతట తాను నడవదు. పైన వీచే గాలులు ఏరులో దుంగను మోసుకుపోయినట్టు దాన్ని మోసుకుపోతాయి. ఆ గాలుల లెక్క తెలియని చోట తుపాను దారి ఊహే అవుతుంది. పైగా బంగాళాఖాతం తుపానులు చాలావరకు అండమాన్ సముద్రం వైపు పుడతాయి. అక్కడ మొదటి కొలతలు పోర్ట్ బ్లెయిర్‌తోపాటు మయన్మార్, థాయిలాండ్ తీరాల నుంచి రావాలి. ఉపగ్రహం మేఘాన్ని పైనుంచి చూపిస్తుంది. మేఘం లోపలి సంగతి బెలూనూ, రాడారూ చెప్పాలి. చిక్కేమిటంటే, తుపాను దగ్గరపడేకొద్దీ కరెంటు పోతుంది, టవర్లు కూలతాయి, కొలత ఎక్కువ అవసరమైన చోటే నోరు మూతపడుతుంది. ఇన్ని ఉన్నా, 24 గంటల ముందు చెప్పే స్థానంలో సగటున ఇంకా 75 కిలోమీటర్ల తేడా వస్తోంది. బాపట్లకీ మచిలీపట్నానికీ మధ్య ఎడం దాదాపు అంతే. అందుకే హెచ్చరిక ఒక ఊరికి కాకుండా తీరం పొడవునా ఇస్తారు.

ఇక పేర్లు. ఒమన్‌లో 2000లో జరిగిన సమావేశంలో ఒప్పుకున్నారు, 2004లో మొదలైంది. అప్పుడు 8 దేశాలు తలా 8 పేర్లు ఇచ్చాయి, మొత్తం 64. అవి 2020 మేలో అంఫన్‌తో అయిపోయాయి. ఇప్పటి జాబితాలో 13 దేశాల పేర్లు 13 చొప్పున 169. ఇంగ్లీషు అక్షరక్రమంలో దేశాలు వరసగా నిలబడతాయి, వంతు అలా తిరుగుతుంది. హుద్‌హుద్ ఒమన్‌ది, తిత్లీ పాకిస్తాన్‌ది, మిచాంగ్ మయన్మార్‌ది, మొంథా థాయిలాండ్‌ది. గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటేనే పేరు. వాయుగుండం, తీవ్ర వాయుగుండం దశల్లో పేరుండదు. ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు దాటకూడదు, ఏ మతాన్నీ రాజకీయాన్నీ తాకకూడదు, ఎవరినీ నొప్పించకూడదు. ఎలా పలకాలో గొంతు రికార్డు చేసి మరీ ఇవ్వాలి. ఒకసారి వాడిన పేరు మన సముద్రాల్లో మళ్ళీ రాదు. 2013లో మహాసేన్ అన్న పేరు మీద శ్రీలంకలో అభ్యంతరం వచ్చింది. మహాసేనుడు వాళ్ళకు చెరువులు తవ్వించిన రాజు, చంపే గాలికి ఆయన పేరేమిటన్నారు. దాంతో పేరు వియారుగా మార్చారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినదానికి పేరే లేదు. మనం ఇప్పటికీ దాన్ని దివిసీమ ఉప్పెన అనే అంటాం.

ఈ ప్యానెల్‌కు ఉన్న హద్దు గట్టిగా చెప్పాలి. ఢిల్లీ కేంద్రం పంపేది సలహా. ఒక దేశం ప్రజలకు హెచ్చరిక ఇచ్చే అధికారం ఆ దేశపు వాతావరణ శాఖదే. తుపాను ఉన్నన్నాళ్ళూ ఢిల్లీ మూడు గంటలకోసారి సలహా పంపుతుంది: ఎక్కడుంది, ఎటు పోతోంది, గాలి ఎంత. ఊరు ఖాళీ చేయించమని ఏ దేశాన్నీ ఆదేశించే అధికారం దానికి లేదు. ఆ హద్దు ఎంత ఖరీదైనదో 2008 మే 2న తెలిసింది. నర్గీస్ తుపాను వస్తోందని ఢిల్లీ మయన్మార్‌కు రెండు రోజుల ముందే చెప్పింది. ఐరావతి డెల్టాలో నేల బల్లపరుపు, మడ అడవులు నరికేసి ఉన్నాయి, ఎక్కి నిలబడే గట్టి కట్టడాలు లేవు. గాలి అనగానే జనం ఇంటి కప్పు గురించి ఆలోచించారు, ఉప్పెన వాళ్ళ ఊహలో లేదు. చనిపోయినవాళ్ళూ ఆచూకీ లేనివాళ్ళూ కలిపి 1 లక్షా 38 వేలమంది. ఆ తరవాతే ఢిల్లీ సలహాల్లో ఏ తీరాన ఎన్ని మీటర్ల ఉప్పెన రావచ్చో కూడా చేర్చడం మొదలైంది. ఇప్పుడు మన తీరానికి ఆ ఉప్పెన లెక్కలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం ఇన్‌కాయిస్ కడుతోంది.

బంగ్లాదేశ్ ఇదే సలహాను వేరేలా వాడుకుంది. 1972లోనే ప్రభుత్వం, రెడ్ క్రెసెంట్ (అప్పట్లో రెడ్ క్రాస్) కలిసి తీరప్రాంతపు వలంటీర్ల దళం కట్టాయి. నేడు 70 వేలమందికి పైగా ఉన్నారు. మెగాఫోను, జెండా పట్టుకుని గడప గడపకూ వెళ్ళేది వాళ్ళే.

శ్రోతలు ఫోన్లలో చూసే అంకెల గురించి ఒక మాట. ఒకే తుపానుకు మన వాతావరణ శాఖ గాలి గంటకు 150 కిలోమీటర్లు అంటే, అమెరికా నౌకాదళ కేంద్రం ఇంకా ఎక్కువ చెబుతుంది. ఎవరూ తప్పు చెప్పడం లేదు. మనవాళ్ళు 3 నిమిషాల సగటు గాలి చెబుతారు, వాళ్ళు 1 నిమిషం సగటు చెబుతారు. సగటు తీసే వ్యవధి తగ్గితే అంకె పెరుగుతుంది. మన పడవలకూ, మన ఊళ్ళకూ లెక్క మన వాతావరణ శాఖ చెప్పినదే.

కాకినాడలో, మచిలీపట్నంలో, కృష్ణపట్నంలో ఓడరేవు మీద ఎగరేసే ప్రమాద సూచికలకు 1 నుంచి 11 దాకా నంబర్లున్నాయి. 1, 2 అంటే దూరాన సముద్రంలో తుపాను పుట్టబోతోంది లేదా పుట్టింది. 8, 9, 10 అంటే పెనుప్రమాదం నెత్తిమీదకు వచ్చింది. 11వ నంబరు గాలి వేగాన్ని చెప్పదు. తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక్కడి అధికారి తన కళ్ళతో చూసి ప్రమాదమని నిర్ణయించాడు అని దాని అర్థం.